వాచీలో బీపీ నార్మల్ అని మాత్ర సగం చేసేశారు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది గాజువాక. నాన్నగారికి 66 ఏళ్లు. స్టీల్‌ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో (కొలత పరికరాల విభాగం) చేసి రిటైరయ్యారు. బీపీకి, షుగరుకి చాలా ఏళ్లుగా మాత్రలు వాడుతున్నారు. ఆయనతో కలిసి డ్యూటీ చేసిన స్నేహితుడు పోయినేడు గుండెపోటుతో చనిపోయారు. అప్పట్నుంచీ నాన్నకి భయం పట్టుకుంది. అది చూసి హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు ఆన్‌లైన్‌లో ఒక స్మార్ట్‌వాచీ కొని పంపాడు. బీపీ, షుగరు, ఆక్సిజన్, ఈసీజీ, నిద్ర అన్నీ చూపిస్తుందని దాని డబ్బా మీద ఉంది. ఇప్పుడు నాన్న ధ్యాసంతా దాని మీదే. వాచీలో బీపీ రోజూ 120 లోపే ఉంటోందని మూడు వారాలుగా బీపీ మాత్రని సగానికి విరిచి వేసుకుంటున్నారట. మాకు నిన్ననే తెలిసింది. పోయిన వారం అర్ధరాత్రి ఆక్సిజన్ 86 చూపించిందని అందరినీ లేపేశారు. ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. అక్కడ వేలికి పెట్టి చూస్తే 98. అమ్మ ఆ వాచీ తీసి అవతల పారేయమంటోంది. తమ్ముడేమో ఇంకా ఖరీదైనది కొందాం, వివరాలన్నీ నా ఫోన్‌కే వచ్చేలా పెట్టుకుంటా అంటున్నాడు. మేం ఏం చేయాలి?
ఒక కూతురు, గాజువాక

జవాబు: అమ్మా, వాచీ ఉంచాలా పారేయాలా అన్నది నెమ్మదిగా మాట్లాడుకుందాం. ముందు మాత్ర సంగతి చూడండి. ఇది చదివిన రోజే దగ్గర్లో ఉన్న క్లినిక్‌కో, మందుల షాపుకో నాన్నగారిని తీసుకెళ్లి, చేతికి పట్టీ చుట్టే మిషన్‌తో బీపీ చూపించండి. ఆ అంకె, మూడు వారాలుగా సగం మాత్రే పడుతోందన్న సంగతి ఆయన డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి. మళ్లీ పూర్తి మాత్ర ఎప్పట్నుంచి వేయాలో ఆ డాక్టరే చెప్పాలి. మూడు వారాల లోటు తీర్చేద్దామని మీ అంతట మీరు రెండేసి మాత్రలు మాత్రం వేయకండి. బీపీ మందుల్లో కొన్నింటిని ఉన్నట్టుండి తగ్గించినా, ఆపినా గుండె దడ పెరిగి, బీపీ ముందుకన్నా పైకి ఎగబాకే ప్రమాదం ఉంది. అందుకే ఫోన్ చేసినప్పుడు మాత్ర పేరు కూడా చదివి వినిపించండి.

మిషన్‌లో పై అంకె 180 గానీ, కింది అంకె 120 గానీ దాటి ఉంటే కంగారుపడకుండా ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఆ రోజే డాక్టరు దగ్గర ఉండాలి. దానికి తోడు ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడడం, మూతి వంకరపోవడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం లాంటివి ఏది కనిపించినా ఆటో కోసం వెతక్కండి. 108కి ఫోన్ చేయండి.

ఇక వాచీ దగ్గరికి వద్దాం. మీ నాన్నగారు ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో చేశారని రాశారు. ఈ విషయం మీకన్నా, నాకన్నా ఆయనకే తొందరగా అర్థమవుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఆయన చేతే చదివించండి.

రాత్రి దీపం తీసేశాక వాచీని తిరగేసి చూస్తే అడుగున పచ్చటి వెలుగు మిణుకుమంటూ కనిపిస్తుంది. పక్కనే చిన్న నల్లటి గాజు చుక్క ఉంటుంది. వెలుగు చర్మంలోకి వెళ్తుంది, రక్తం అందులో కొంత పీల్చుకుంటుంది, మిగిలింది వెనక్కి వచ్చి ఆ చుక్క మీద పడుతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులో రక్తం కాస్త పెరిగి తగ్గుతుంది కాబట్టి తిరిగొచ్చే వెలుగు కూడా తగ్గి పెరుగుతుంది. వాచీకి నేరుగా తెలిసేది ఈ హెచ్చుతగ్గులే. వాటిని లెక్కపెడితే నాడి వస్తుంది. మనిషి కదలకుండా కూర్చున్నప్పుడు ఆ లెక్క చాలావరకు సరిగానే ఉంటుంది.

బీపీ అంటే రక్తం నాళం గోడల మీద చూపే ఒత్తిడి. పట్టీ మిషన్ దాన్ని కొలవడానికి ఒక పని చేస్తుంది. పట్టీలో గాలి నింపి, చేతిలోని పెద్ద రక్తనాళాన్ని నొక్కి, మెల్లగా గాలి వదులుతూ, ఎంత ఒత్తిడి దగ్గర నాళం ఎలా అదురుతోందో చూసి లెక్క కడుతుంది. మామూలు వాచీలో గాలీ లేదు, నొక్కడమూ లేదు. అందులో వచ్చే బీపీ అంకె ఆ వెలుగు అలల ఆకారాన్ని బట్టి, మీరు మొదట్లో నింపిన వయసు, ఎత్తు, బరువులను బట్టి వేసిన అంచనా. పేరున్న కంపెనీల వాచీల్లో బీపీ చూసే సదుపాయం ఉన్నవి కొన్ని ఉన్నాయి. వాటిలో శాంసంగ్ వాచీని ముందు పట్టీ మిషన్‌తో సరిచూసి, మళ్లీ ప్రతి 28 రోజులకోసారి సరిచూడాలని కంపెనీయే చెబుతుంది. నాన్నగారిని ఒక్క మాట అడగండి. ప్లాంటులో కాలిబ్రేషన్ చేయని ప్రెషర్ గేజి రీడింగ్ చూసి ఆయన వాల్వు తిప్పేవారా? ఈ వాచీని ఇంతవరకు ఏ మిషన్ పక్కనా పెట్టి సరిచూడలేదు. అది చూపించిన అంకెతో ఆయన తన మాత్ర సగం చేశారు.

ఆయనకి ఇంకా నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. ఒక అరటికాయకి వాచీ బిగించి బీపీ చూసే బొత్తాం నొక్కండి. చవక రకాల్లో కొన్ని దానికి కూడా నాడి, బీపీ చూపించేస్తాయి. మీ వాచీ ఏమీ చూపించకపోతే అది నమ్మదగ్గదని అర్థం కాదు, అంకె చూపించిందంటే మాత్రం ఇక వాదన అక్కర్లేదు. ఆ పరీక్ష ఆయన చేతులతోనే చేయనివ్వండి. కూతురు చెప్పిందని వదిలేయడం కన్నా తనే తేల్చుకుని వదిలేయడం ఆయనకి గౌరవంగా ఉంటుంది.

వాచీ డబ్బా మీదో, దాని యాప్‌లోనో చిన్న అక్షరాలు కూడా చదవండి. ‘ఇది వైద్య పరికరం కాదు’ అనే అర్థం వచ్చే మాట ఎక్కడో ఒకచోట ఉంటుంది. మన దేశంలో బీపీ మిషన్లు, గ్లూకోమీటర్లు మెడికల్ డివైసెస్ రూల్స్, 2017 కిందికి వస్తాయి, వాటి తయారీకీ దిగుమతికీ లైసెన్సు కావాలి. ఆ చిన్న మాట రాసి అమ్మేవాళ్లు ఆ బాధ్యత నుంచి తప్పుకుంటున్నారు. పెద్ద అక్షరాల్లో బీపీ, షుగరు అని వేసి, చిన్న అక్షరాల్లో చేతులు దులుపుకోవడం అన్యాయం. ఆ అన్యాయానికి ఖరీదు మీ నాన్నగారి లాంటివాళ్ల ఆరోగ్యం. అందుకే నాకు కోపం ఆయన మీద రావట్లేదు.

షుగరు విషయం ఇంకా స్పష్టం. సూది గుచ్చకుండా, చర్మం మీద వెలుగు వేసి షుగరు చెప్పే వాచీలు, ఉంగరాలు వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అలాంటి వేటికీ తాము అనుమతి ఇవ్వలేదని అప్పుడే చెప్పింది. కాబట్టి మీ వాచీలో షుగరు అంకె చూడనే వద్దు. దాన్ని చూసి తిండి మార్చడం, మాత్ర మార్చడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

భుజం మీద బిళ్లలా అతికించుకునే సెన్సార్లు వేరు, వాటిని దీంతో కలపకండి. వాటికి వెంట్రుకంత సన్నటి తీగ ఉంటుంది, అది చర్మం కింద ఉండే ద్రవంలో గ్లూకోజును నిజంగానే కొలుస్తుంది. ఒక్కొక్కటి సాధారణంగా రెండు వారాలు పనిచేస్తుంది, అంకెలు ఫోన్‌కి వస్తాయి. తిన్న వెంటనే షుగరు గబగబా పెరుగుతున్నప్పుడు రక్తంలో ఉన్నదానికి అది కొన్ని నిమిషాలు వెనకపడుతుంది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి, నిద్రలో షుగరు పడిపోయేవాళ్లకి అది పెద్ద అండ. మాత్రల మీదే ఉన్న నాన్నగారికి నిరంతరం అక్కర్లేదు, పైగా ఖర్చు వేలల్లో ఉంటుంది. ఆయన డాక్టరు ఒప్పుకుంటే ఎప్పుడైనా ఒక్క రెండు వారాలు పెట్టుకుని చూడొచ్చు. పొద్దున ఇడ్లీకి ఎంత పెరిగింది, మధ్యాహ్నం రెండోసారి వడ్డించుకున్న అన్నానికి ఎంత పెరిగింది, తిన్నాక ఒక పావుగంట నడిస్తే ఎంత తగ్గిందన్నది కళ్లారా చూస్తే ఎవరూ చెప్పనక్కర్లేకుండానే కంచంలో మార్పు వస్తుంది. మామూలు రోజుల్లో గ్లూకోమీటరు, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు తెలిపే) పరీక్ష సరిపోతాయి.

ఆక్సిజన్ 86 చూసి మీరు పరిగెత్తడం తప్పేం కాదు. కానీ అలాంటి రాత్రి మళ్లీ రావచ్చు కాబట్టి ఎందుకలా అయిందో తెలియాలి. ఆసుపత్రిలో వేలికి పెట్టే క్లిప్పు వెలుగుని వేలికి ఒక పక్క నుంచి రెండో పక్కకి పంపి చూస్తుంది. వాచీ మణికట్టు మీద పడి వెనక్కి వచ్చిన వెలుగుతో సరిపెట్టుకుంటుంది. బెల్టు వదులైనా, చెయ్యి ఒంటి కింద పడి నలిగినా, ఏసీ చలికి చేతులు చల్లబడినా, కదిలినా అంకె తప్పుతుంది. మన విశాఖ ఉక్కపోతలో చెమట పట్టి వాచీ జారిపోవడం ఏడాదిలో సగం రోజులు ఉండేదే. వేలి క్లిప్పులు కూడా నలుపు రంగు చర్మం ఉన్నవాళ్లకి కొన్నిసార్లు ఉన్నదానికన్నా ఎక్కువ ఆక్సిజన్ చూపిస్తున్నాయని 2020లో అమెరికా ఆసుపత్రుల లెక్కలతో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. కాబట్టి అంకె కంటే ముందు మనిషిని చూడండి. ఆయాసం లేదు, పెదాలు నీలంగా లేవు, మాట స్పష్టంగా ఉంది అంటే లేపి కూర్చోబెట్టి, చేతులు రుద్ది, వేలి క్లిప్పుతో ఒక నిమిషం పాటు చూడండి. ఊపిరి అందక ఇబ్బంది పడుతుంటే అంకె 98 ఉన్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఒక్కటి మాత్రం గమనించండి. నాన్నగారు గట్టిగా గురక పెడతారా, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి మళ్లీ మొదలవుతుందా, పగలు పేపరు చదువుతూనే కునికిపాట్లు పడతారా? ఇవి ఉంటే ఆ 86ని పూర్తిగా కొట్టిపారేయకుండా డాక్టరుకి చెప్పండి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్లకి మందులు వాడుతున్నా బీపీ లొంగకపోవడం మామూలే. దానికి సరైన పరీక్ష వేరే ఉంది.

ఇన్ని చెప్పాను కదా అని వాచీ పనికిరానిదని అనుకోకండి. ఆయన వయసుకి, ఆయనకున్న జబ్బులకి పనికొచ్చే సంగతి ఒకటుంది, అది గుండె లయ. వయసు 65 దాటి, బీపీ, షుగరు ఉన్నవాళ్లకి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పే జబ్బు వస్తే పక్షవాతం ముప్పు బాగా పెరుగుతుంది. గుండె పైగదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతూ ఉండడంతో అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకి చేరే అవకాశం ఉంటుంది. చాలామందికి ఇది పైకి ఏమీ తెలియదు. ముందే బయటపడితే రక్తం పల్చబరిచే మందులతో పక్షవాతాన్ని చాలావరకు ఆపవచ్చు. ఆపిల్ వాచీతో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వైద్యులు నాలుగు లక్షలకు పైగా జనం మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. నాడి లయ తప్పుతోందని హెచ్చరిక వచ్చింది సుమారు అర శాతం మందికే. వాళ్లలో తర్వాత ఛాతీకి అతికించే ఈసీజీ బిళ్ల పెట్టుకుని తిరిగి పంపినవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి ఆ జబ్బు కనిపించింది. అంటే హెచ్చరిక వస్తే జబ్బు ఖాయమని కాదు, వదిలేయకుండా డాక్టరుకి చూపించాలని. ఈ పనికి వాచీ మంచి కాపలా.

వాచీలో ఈసీజీ అన్నప్పుడు ఒకటి పరీక్షించి చూడండి. గుండె విద్యుత్తు కొలవాలంటే రెండు చేతులూ తగలాలి. ఒక మణికట్టుకి వాచీ ఉంటే, రెండో చేతి వేలు వాచీ మీద ఉన్న లోహపు భాగాన్ని అర నిమిషం పాటు తాకి ఉంచాలి. అలా అడగకుండానే తెర మీద గీతలు గీస్తూ పోతోందంటే అది నాడిని బట్టి గీసిన బొమ్మ. అసలైనది కూడా ఒక్క కోణం నుంచే గుండెని చూస్తుంది, ఆసుపత్రి ఈసీజీ పన్నెండు కోణాల నుంచి చూస్తుంది. గుండెపోటుని వాచీ పట్టుకోలేదు, ఆ మాట కంపెనీలే చెబుతాయి. ఇది నాన్నగారికి గుర్తుండేలా చెప్పండి. స్నేహితుడు పోయిన విధానం చూసి ఆయన భయపడుతున్నది దాని గురించే కదా. ఛాతీ మీద బరువు పెట్టినట్టున్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టి నీరసంగా అనిపించినా వాచీ చూసుకుంటూ కూర్చోకూడదు. షుగరు ఉన్నవాళ్లకి ఒక్కోసారి నొప్పి తెలియకుండానే గుండెపోటు వస్తుంది, ఉన్నట్టుండి వచ్చిన ఆయాసం ఒక్కటే గుర్తు కావచ్చు. గాజువాక నుంచి ఏ ఆసుపత్రికి వెళ్లాలి, రాత్రిపూట అక్కడ గుండె డాక్టరు ఉంటారా లేదా అన్నది ఇప్పుడే కనుక్కుని, గోడ మీద రాసి పెట్టుకోండి.

ఇంట్లో ఇంతకుముందే ఉండాల్సిన వస్తువు చేతికి చుట్టే బీపీ మిషన్. రెండు మూడు వేల రూపాయల్లో మంచిది దొరుకుతుంది. మణికట్టుకి కట్టేది కాకుండా, మోచేతి పైన చుట్టేది తీసుకోండి. పట్టీ ఆయన చేతి లావుకి సరిపోవాలి, చిన్నదైతే బీపీ ఎక్కువ చూపిస్తుంది. కొన్నాక ఒకసారి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లి ఆయన మిషన్ పక్కన పెట్టి సరిచూసుకోండి. నాన్నగారికి ఈ పని ఎంతో ఇష్టంగా ఉంటుందని నా నమ్మకం.

చూసే పద్ధతి మిషన్ అంత ముఖ్యం. పొద్దున లేచి, ఒంటికి వెళ్లొచ్చి, కాఫీకి ముందు, మాత్రకి ముందు చూడాలి. వెనక ఆనుడు ఉన్న కుర్చీలో, కాళ్లు నేలకి ఆనించి, ఒకదాని మీద ఒకటి వేసుకోకుండా, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. టీవీ కట్టేయాలి, ఫోన్ పక్కన పెట్టాలి. చొక్కా చేతి మీద కాకుండా ఒంటి మీదే పట్టీ, దాని అడుగు అంచు మోచేతి మడతకి రెండు వేళ్లు పైన ఉండాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. చూస్తున్నంతసేపు మాటలు వద్దు, పక్కవాళ్లు కూడా పలకరించకూడదు. ఒక నిమిషం ఆగి రెండోసారి చూడాలి. సాయంత్రం కూడా ఇలాగే రెండుసార్లు. ఇలా వారం రోజులు చూసి, మొదటి రోజు అంకెలు వదిలేసి, మిగిలినవాటి సగటు తీయాలి. ఇంట్లో చూసినప్పుడు ఆ సగటు 135/85 దాటితే బీపీ ఎక్కువున్నట్టే లెక్క. షుగరు కూడా ఉన్న ఆయనకి ఎంతలో ఉంచాలన్నది డాక్టరు చెబుతారు. ఈ వారం అయ్యాక రోజూ నాలుగుసార్లు చూడనక్కర్లేదు, మందు మార్చినప్పుడు, చెకప్‌కి వెళ్లే ముందు వారం ఇలా చూస్తే చాలు.

ఇక్కడ స్మార్ట్‌ఫోన్ నిజంగా ఉపయోగపడుతుంది. మిషన్ తెరని ఫోటో తీస్తే తేదీ, టైము వాటంతటవే పడతాయి. మాత్ర టైముకి అలారం, మందుల చీటీ ఫోటో, పరీక్షల రిపోర్టులు అన్నీ ఒక ఫోల్డరులో ఉంటే డాక్టరు దగ్గర ‘ఆ తెల్ల మాత్రండీ’ అనాల్సిన పని ఉండదు. కేంద్రం ఇస్తున్న 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు తీసుకుంటే, అందులో చేరిన ఆసుపత్రుల రిపోర్టులు కూడా దానికి జతచేసుకోవచ్చు. బీపీ అంకెలు ఒక పుస్తకంలో రాసి, వాటి పక్కన ఆ రోజు ఏం తిన్నారో ఒక మాట రాసుకోమనండి. ఎండుచేపల పులుసు, ఆవకాయ కలిసిన మర్నాడు బీపీ ఎలా ఉంటోందో ఆయనే కనిపెడతారు. ఉప్పు తగ్గించమని నేను చెప్పినదానికన్నా తను రాసిన లెక్కనే ఆయన ఎక్కువ నమ్ముతారు.

అడుగుల లెక్క కూడా వాచీ బాగా చేసే పని. పదివేలు దాటకపోతే ఆయన దిగులుపడుతుంటే ఆ దిగులు అక్కర్లేదు. పదివేలు అన్నది 1960లలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మడానికి పెట్టిన పేరు నుంచి వచ్చిన అంకె, వైద్యులు తేల్చినది కాదు. సగటున 72 ఏళ్ల వయసున్న పదహారు వేలకు పైగా అమెరికన్ మహిళల మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలోనే మరణాలు తక్కువగా ఉన్నాయి. 7,500 దాటాక పెద్దగా అదనపు తేడా కనిపించలేదు. నాన్నగారు ఇప్పుడు ఎన్ని వేస్తున్నారో వారం చూసి, దానికి ఒక వెయ్యి కలపమనండి. అది అలవాటయ్యాక ఇంకో వెయ్యి. ఉక్కునగరం చెట్ల నీడలో నడవడం ఆయనకి కొత్తేమీ కాదు. ఆదివారాలు మీరు కూడా కలిసి బీచ్ రోడ్డుకి వెళ్తే, పొద్దున్నే బళ్లు ఆపేసిన టైములో సముద్రపు గాలికి హాయిగా నడవొచ్చు. వేసవిలో మాత్రం ఎండ ఎక్కకముందే ముగించాలి. ఏడాదంతా నడవకుండా ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు ఒక్కసారిగా నడిచేద్దామనే ఆలోచన ఆయనకి ఉంటే, నెలల ముందు నుంచే మెల్లగా అడుగులు పెంచుకోవాలి. షుగరు ఉంది కనుక చెప్పుల్లేకుండా అంత దూరం వద్దు. కాళ్లకి స్పర్శ తగ్గి ఉంటే పుండు పడినా తెలియదు.

నిద్ర స్కోరు గురించి రెండు మాటలు చాలు. గాఢనిద్ర ఎంత, కలల నిద్ర ఎంత అన్నది తేల్చాలంటే తలకి తీగలు పెట్టి మెదడు తరంగాలు చూడాలి. వాచీ కదలికలు, నాడి చూసి ఊహిస్తుంది. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారన్నది వరకు చూసి మిగతాది వదిలేయమనండి.

కాబట్టి వాచీ పారేయకండి, దాన్ని కాస్త తగ్గించండి. యాప్ సెట్టింగ్స్‌లో బీపీ, షుగరు, రాత్రిపూట ఆక్సిజన్ ఆపేయండి. అడుగులు, నాడి ఉంచండి. ఏ అంకె కనిపించినా ‘ఇది చూసి నేను చేసే పనేంటి?’ అని ఆయన అడుక్కోవాలి. చేసే పని లేని అంకె చూడడం వల్ల వచ్చేది టెన్షన్ ఒక్కటే. విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి ఎప్పుడూ 70 దగ్గర ఉండేది, కొన్ని రోజులుగా 90 దగ్గరే ఉంటోందంటే జ్వరమో, ఇంకేదో ఉందేమో చూపించుకోవాలి. ఒక్క రోజు 74, ఒక్క రోజు 69 అన్నదానికి పట్టించుకోవాల్సిందేమీ లేదు.

తమ్ముడికి చెప్పండి, అతని ప్రేమ నాకు అర్థమైంది. కొత్త వాచీ డబ్బుతో ముందు బీపీ మిషన్, గ్లూకోమీటరు స్ట్రిప్పులు, వేలి క్లిప్పు కొనమనండి. అవన్నీ ఉండి, డాక్టరు గుండె లయ మీద కన్నేసి ఉంచమంటే అప్పుడు మంచి కంపెనీది, లయ తప్పితే చెప్పేది, వేలు పెట్టించుకుని ఈసీజీ తీసేది కొనొచ్చు. వివరాలు అతని ఫోన్‌కి వెళ్లడం మాత్రం నాన్నగారు సరేనంటేనే. ఆయన ఎప్పుడు లేచారో, ఎంతసేపు పడుకున్నారో అడక్కుండా చూస్తూ ఉంటే పెద్దాయన మనసు నొచ్చుకుంటుంది. వారానికోసారి బీపీ పుస్తకం పేజీ ఫోటో తీసి ఆయనే పంపితే, ఆ వంకన తండ్రీ కొడుకులు మాట్లాడుకుంటారు కూడా. ఇప్పుడున్న వాచీ యాప్ కాంటాక్టులు, ఫోటోలు, మెసేజీలు చూసే అనుమతి అడిగి ఉంటే అవన్నీ తీసేయండి, అడుగులు లెక్కపెట్టడానికి అవేవీ అక్కర్లేదు.

మీ ఉత్తరంలో నాన్నగారి గురించి అన్నీ ఉన్నాయి. అమ్మగారి బీపీ ఎంతో ఒక్క ముక్క లేదు. ఆవిడ ఫోన్ వంటింటి గట్టు మీద ఉంటుంది, చేతికి వాచీ లేదు, ఇల్లంతా తిరిగే ఆవిడ అడుగులు ఎక్కడా నమోదు కావు. అర్ధరాత్రి లేపితే లేచి, ఆసుపత్రికి పరిగెత్తింది ఆవిడ కూడా. మిషన్ వచ్చిన రోజు పట్టీ ముందు నాన్నగారికి, వెంటనే అమ్మగారికి కట్టండి. మన దేశంలో బీపీ ఉన్నవాళ్లు 31 కోట్ల మందికి పైగా ఉంటారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిధులతో చేసిన సర్వే 2023లో అంచనా వేసింది. తమకు ఉందని తెలియనివాళ్లు ఎందరో. ఇన్నేళ్లలో ఆవిడ ఒక్కసారైనా చూపించుకున్నారో లేదో కనుక్కోండి.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు మాత్ర సగం చేశారని నిలదీయకండి. స్నేహితుడు పోయాక తన వంతు ఎప్పుడొస్తుందోనని ఆయన రోజుకి ఎన్నిసార్లు అనుకుంటున్నారో మనకి తెలియదు. మీ డాక్టరు దగ్గర ఒక పూట ఎక్కువ టైము అడిగి, పూర్తి ఈసీజీ, కిడ్నీ, కొలెస్ట్రాల్ పరీక్షలు, ఈ ఏడాది చేయించి ఉండకపోతే కళ్ల పరీక్ష, కాళ్ల పరీక్ష చేయించండి. బయట ఖర్చు భారమనిపిస్తే విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఓపీకి వెళ్లండి, పొద్దున్నే వెళ్తే పని త్వరగా అవుతుంది. వారం రోజుల బీపీ లెక్క ఆయన చేతిరాతలోనే తీసుకెళ్లమనండి. స్నేహితుడి మరణం గురించి కూడా డాక్టరుకి చెప్పండి. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, మాటిమాటికీ వాచీ చూసుకోవడం నెల దాటినా తగ్గకపోతే ఆ భయానికి కూడా వైద్యం ఉంది, దానికి సిగ్గుపడాల్సింది లేదు. ఆ పూట అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లి, ఆవిడ పేరు మీద కూడా ఓపీ చీటీ రాయించండి.